పట్టేసిన బోల్టూ, మేస్త్రి గారూ

జగ్గయ్యపేటలో ఆ రేకుల షెడ్డుకి పట్టపగలు తాళం వేసి ఉండడం నేనంతకుముందెప్పుడూ చూడలేదు. పోయిన నెల రెండో శనివారం బడికి సెలవు. కారు కుడివైపు ముందు చక్రం దగ్గర ఏదో చప్పుడు మొదలైందని నందిగామ నుంచి వెళ్ళాను. తలుపులు మూసి, గొలుసు చుట్టి, తాళం వేసి ఉంది. పక్కన టీ బంకు ఆయన నా కారుని గుర్తుపట్టి, కడుగుతున్న గ్లాసులు వదిలేసి వచ్చాడు.

"మీకు తెలీదా మేడం? మేస్త్రి పోయి నలభై రోజులు దాటిందండి," అన్నాడు. "పొద్దున నా దగ్గర టీ తాగి వెళ్ళాడు. మధ్యాహ్నానికి లేడు. గుండె."

నేను కారు దిగలేదు. దిగడమంటే నాకు కాస్త పెద్ద పనే. మూడేళ్ళ వయసులో పోలియో వచ్చి రెండు కాళ్ళూ సన్నబడిపోయాయి. వెనక సీట్లోంచి చంకకర్రలు తీసి, తలుపు పట్టుకుని, ఒళ్ళంతా చేతుల మీద లేపుకుని దిగాలి. ఆ పూట చేతుల్లో సత్తువ లేకుండా పోయింది. ఇంజను ఆపేసి, తాళం వంక చూస్తూ అలాగే కూర్చుండిపోయాను.

ఆయన ఏ ఊళ్ళో పుట్టారో, ఎంత చదివారో, ఎవరి దగ్గర పని నేర్చారో నాకు తెలియదు. ఆయన దగ్గర నేను గడిపింది అన్నీ కలిపితే పదీ పన్నెండు రోజులుంటాయేమో. అందులో మూడు రోజులు వరసగా. షెడ్డుకి పేరున్న బోర్డు కూడా లేదు. సిమెంటు లారీల దుమ్ము పడి తెల్లబారిన రేకు మీద ఎవరో ఎప్పుడో రంగుతో 'మేస్త్రి' అని రాశారు. కోదాడ వైపు నుంచి వచ్చేవాళ్ళూ, మా నందిగామ వైపు నుంచి వెళ్ళేవాళ్ళూ ఆ ఒక్క మాటే అడుక్కుంటూ వెళ్ళేవాళ్ళు.

కొత్త కార్లు ఆయన దగ్గరికి వెళ్ళేవి కావు. పాతవి వెళ్ళేవి. అందులోనూ అడుగున బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోయి, ఎవరివల్లా కాక వదిలేసినవి. చక్రాన్ని బండికి పట్టి ఉంచే సస్పెన్షన్ దగ్గర, ఎప్పుడూ నీళ్ళూ బురదా కొట్టుకునే చోట ఉంటాయి ఆ బోల్టులు. కొన్నేళ్ళకి బోల్టూ, అది దూరే గొట్టమూ, అవతలి నట్టూ కలిసి ఒకే ఇనుపముద్ద అయిపోతాయి. మెకానిక్కులు 'పట్టేసింది' అంటారు. బలం చూపిస్తే తల విరిగి చేతికొస్తుంది. మిగతాది లోపలే ఉండిపోతుంది.

బండి కిందికి దూరే ముందు మేస్త్రి గారు చెప్పులు విడిచేవారు. "గుళ్ళోకి వెళ్తున్నట్టుందండీ," అని నేనొకసారి నవ్వితే, "అదేం కాదమ్మా, చెప్పులుంటే కాలికి పట్టు దొరకదు," అన్నారు. గొంతెత్తి మాట్లాడడం నేను వినలేదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన బోల్టు తలకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, పక్కనున్న ఇనుము మీద సుత్తితో మెల్లిగా తట్టేవారు. కళ్ళు మూసుకుని వినేవారు. ఆ కాసేపూ రోడ్డు మీద లారీ హారన్ కొడితే ముఖం చిట్లించేవారు. డాక్టరు పసిబిడ్డ గుండె వింటుంటే తల్లి ఊపిరి బిగబట్టినట్టు నేనూ బిగబట్టేదాన్ని.

విన్న తర్వాత ఏదో ఒకటి అనేవారు. "ఇది తలకాయ దగ్గర పట్టలేదు, చివర పట్టింది," అనో, "నడిమధ్యన పట్టింది, రేపటిదాకా నాననియ్యాలి," అనో. నాతో అంటున్నారో, బోల్టుతో అంటున్నారో తెలిసేది కాదు. ఎవరైనా బండి యజమాని వచ్చి తుప్పుని తిట్టడం మొదలుపెడితే, "తుప్పు కూడా ఇనుమేనయ్యా. తిడితే ఏమొస్తది," అని లోపలికి వెళ్ళిపోయేవారు.

నా కారు సంగతి చెప్పాలి. పద్నాలుగేళ్ళ కిందట కొన్న చిన్న కారు అది. బ్రేకూ, క్లచ్చూ, యాక్సిలరేటరూ మూడింటికీ కడ్డీలు బిగించి చేతులకి అందేటట్టు చేశాడు విజయవాడలో ఒకాయన. నా చేతుల కొలతలు తీసుకుని మరీ చేశాడు. తర్వాత ఆయన ఆ పనే మానేశాడు. కారు కొనక ముందు వీరులపాడు దగ్గర మా బడికి పదేళ్ళు బస్సులో వెళ్ళాను. బస్సెక్కాను అనకూడదు, ఎక్కించారు. కండక్టరు ఒక రెక్క, ఎవరో ప్రయాణికుడు ఒక రెక్క. అందరూ మంచివాళ్ళే. కానీ రోజూ పొద్దున్నే ఇద్దరు మనుషుల దయతో బడికి చేరడం ఎలా ఉంటుందో, తాళం తిప్పి నా అంతట నేను బయల్దేరిన మొదటి రోజున గాని నాకే తెలియలేదు.

మునేరు పొంగిన ఏడు మా వీధిలోకి నీళ్ళొచ్చాయి. కారు రెండు రోజులు బురదనీళ్ళలో నిలబడింది. ఇంజను బాగు చేయించి తిప్పుకుంటున్నాను. ఏడాది తిరిగేసరికి ఎడమవైపు ముందు చక్రం దగ్గర 'ఖటక్ ఖటక్' మొదలైంది. బ్రేకు వేస్తే బండి ఎడమకి లాగేది. రెండు చేతులతో స్టీరింగు పట్టుకునేవాళ్ళకి అదేమంత కష్టం కాదు. నాకు ఒక చెయ్యి ఎప్పుడూ కడ్డీ మీదే ఉండాలి. ఒకరోజు వీరులపాడు రోడ్డులో బ్రేకు వేస్తే, సైకిలు మీద వెళ్తున్న మా తొమ్మిదో తరగతి పిల్లకి జానెడు దూరంలోంచి పోయింది బండి. ఆ పిల్ల నవ్వుతూ "గుడ్ మార్నింగ్ టీచర్" అంది. దానికేమీ తెలియలేదు. నేను బడి ముందు కారు ఆపి పావుగంట దిగలేకపోయాను. ఆ రోజు నుంచి మళ్ళీ బస్సే.

నందిగామలో ఇద్దరు మెకానిక్కులు చూశారు. లోపల బుష్‌లనే రబ్బరు ముక్కలు అరిగిపోయాయి, మార్చాలంటే రెండు బోల్టులు రావాలి, అవి రావడం లేదు. ఒకాయన గ్యాసుతో కోసేద్దామన్నాడు. కోస్తే బోల్టు దూరే బ్రాకెట్టు కూడా కాలుతుందనీ, తర్వాత బండి గట్టిగా నిలుస్తుందో లేదో చెప్పలేననీ అన్నాడు. రెండో ఆయన మరీ సూటిగా, "తుక్కుకిచ్చేసి వేరేది తీసుకోండి మేడం," అన్నాడు. ఆ కడ్డీల సంగతి అతనికేం తెలుసు.

మా బడిలో హిందీ సారు, "జగ్గయ్యపేటలో ఒక మేస్త్రి ఉన్నాడండి, వస్తే ఆయనకే రావాలి," అని తనే మెల్లిగా నడిపి నన్ను తీసుకెళ్ళారు. అదొక శనివారం. సారు నన్నూ కారునీ అక్కడ వదిలి బస్సులో వెనక్కి వెళ్ళిపోయారు.

ఎవరి దగ్గరికి వెళ్ళినా ముందు నా కాళ్ళు చూస్తారు, తర్వాత ముఖం చూస్తారు. మేస్త్రి గారు కారు తలుపు తీసి ముందు ఆ కడ్డీలు చూశారు. మోకాళ్ళ మీద కూర్చుని, తల లోపలికి పెట్టి, ఒక్కో కీలూ వేలితో కదిపి చూశారు. చాలాసేపు.

"ఎవరు చేశారమ్మా ఇది?"

చెప్పాను.

"మహానుభావుడు. ఎక్కడా ఒక్క మిల్లీ ఆట లేదు చూడండి," అని లేచారు. "బండి ఎడమకి గుంజుతుందా?"

"అవునండి. బ్రేకు వేస్తే."

"మీకు ఒంటి చెయ్యే కదా స్టీరింగు మీద. ప్రమాదమే." అంతే. కాళ్ళ సంగతి ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు.

ఆ రోజంతా ఆయన బోల్టుని తిప్పనే లేదు. చక్రం ఊడదీసి, వైరు బ్రష్షుతో, ఆ తర్వాత పళ్ళు తోముకునే పాత బ్రష్షుతో తుప్పు గోకారు. డీజిలూ ఇంజనాయిలూ కలిపి, సూదిమందు సిరంజిలోకి ఎక్కించి, బోల్టు చుట్టూ చుక్క చుక్కగా వదిలారు. గంటకొకసారి మళ్ళీ. స్టూలు మీద కూర్చుని చూస్తున్న నాకు విసుగొచ్చింది.

"ఒకసారి తిప్పి చూడరా మేస్త్రి గారూ?"

"చూస్తా. ముందు దానికి తిరగాలనిపించాలి కదమ్మా," అన్నారు.

ఆదివారం చర్చి మానుకుని పొద్దున్నే బస్సులో వెళ్ళాను. ఆ రోజు మొదటి బోల్టు విప్పడం చూశాను. చిన్న గ్యాసు మంటతో వేడి చేసి, వేడి మీద కొవ్వొత్తి ఆనించారు. మైనం కరిగి లోపలికి పీల్చుకుపోయింది. తర్వాత పానా తగిలించి, విప్పే వైపు కాకుండా బిగించే వైపు తిప్పారు.

"అదేంటండీ?"

"విప్పాలంటే ముందు వెంట్రుకవాసి బిగించాలి. అప్పుడు పట్టు సడలుద్ది," అన్నారు. కాస్త బిగించడం, కాస్త వదలడం. మళ్ళీ బిగించడం. అలా ఎన్నిసార్లో. ఉన్నట్టుండి ఇనుము 'కిర్ర్' మంది. మేస్త్రి గారి ముఖం వెలిగింది. "విన్నారా? మూలిగింది. వచ్చే బోల్టు ముందు మూలుగుద్దమ్మా. విరిగే బోల్టు మూలగదు, మెత్తబడుద్ది. చేతికింద మెత్తగా అనిపించిందంటే వదిలెయ్యాలి." పదకొండు గంటలకి బోల్టు బయటికొచ్చింది, చెరుకుముక్కంత పొడుగుంది. గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టారు. ఇంకా వెచ్చగా ఉంది.

తప్పు నేను చేశాను. సోమవారం మా బడిలో తనిఖీ ఉంది. రెండో బోల్టు దగ్గర ఆయన మళ్ళీ సిరంజి తీసేసరికి, "ఇవాళ సాయంత్రానికి అయిపోతుందా అండీ? రేపు నేను బడిలో ఉండి తీరాలి," అన్నాను. గంట తర్వాత మరోసారి అన్నాను. మూడింటికి ఇంకోసారి.

నాలుగు గంటలప్పుడు బండి కింద నుంచి 'టప్' మని వినిపించింది. ఎండుపుల్ల విరిగినంత చప్పుడు. మేస్త్రి గారు మెల్లిగా బయటికి వచ్చారు. అరచేతిలో బోల్టు తలకాయ ఉంది. మిగతాది లోపలే ఉండిపోయింది. ఆయన కుండలో నీళ్ళు ముంచుకుని తాగి, నేల మీద కూర్చున్నారు.

"నా వల్లేనండీ. మిమ్మల్ని తొందరపెట్టాను," అన్నాను.

"మీరు తొందరపెట్టారు. తొందరపడింది నేను," అన్నారు. "రెండుసార్లు మెత్తబడింది. చేతికి తెలిసింది. తెలిసి కూడా లాగాను. తప్పు నాది."

ఆ గొంతులో కోపం లేదు, మర్యాద కోసం అన్నదీ కాదు. ఏ నట్టు ఎక్కడ పట్టిందో చెప్పినట్టే చెప్పారు. ఇరవై ఏళ్ళకి పైగా పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. తప్పు చేస్తే ఒప్పుకోవాలని ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటానో. ఒక మనిషి ఒప్పుకోవడం అంత శుభ్రంగా ఉంటుందని ఆ రోజే చూశాను.

"ఇవాళ్టికి ఇంక ముట్టుకోను. చెయ్యి నా మాట వినట్లేదు. రేపు రండమ్మా," అన్నారు. నేను తనిఖీకి సెలవు పెట్టేశాను.

సోమవారం ఆయన బ్యాటరీ తీసేసి, లోపల మిగిలిన బోల్టు ముక్క మొహాన ఒక కొత్త నట్టు పెట్టి వెల్డింగ్ చేశారు. పానా పట్టుకోవడానికి తల కావాలి కదా, అందుకు. చల్లారనిచ్చి తిప్పితే నట్టు ఊడొచ్చింది. మళ్ళీ అతికారు. మళ్ళీ ఊడింది. మూడోసారి అతికినప్పుడు, "ఇదే ఆఖరుదమ్మా. ఇంక అతకడానికి దాంట్లో మొహం మిగల్లేదు," అన్నారు. ఇది కూడా ఊడితే బ్రాకెట్టు కొయ్యడమే.

పానాకి మూరెడు పైపు తొడిగారు. ఒకసారి పట్టుకుని చూసి వదిలేశారు. రోడ్డవతల టీ తాగుతున్న లారీ డ్రైవర్లు ఇద్దరు ఇదంతా చూస్తున్నారు. "మేం లాగుతాం జరుగు మేస్త్రీ," అంటూ వచ్చారు. మంచి కండలున్న మనుషులు.

"వద్దయ్యా. మీకు లాగడం వచ్చు, ఆపడం రాదు," అని నా వైపు తిరిగారు. "టీచరమ్మా, మీరు రండి."

నాకు అర్థం కాలేదు. "నేనా?"

"నా చెయ్యి బోల్టు మీద ఉండాలి, అది ఏమంటుందో తెలియాలి. పైపు ఇంకొకరు పట్టాలి. రోజూ చేత్తో బ్రేకేసే చెయ్యి మీది. ఎంత నొక్కాలో, ఎక్కడ ఆపాలో దానికి తెలుసు. మూడు రోజుల్నుంచి చూస్తున్నారు కూడా."

నా జీవితంలో ఎవరూ నన్ను ఒక బరువు పట్టమని అడగలేదు. చిన్నప్పుడు మా ఊరు చెవిటికల్లులో మిరపకాయల బస్తాలు ఎత్తేటప్పుడు కూడా "నువ్వు కూర్చోమ్మా" అనేవాళ్ళు. కర్రలు పక్కన పెట్టి, నేల మీదికి దిగి, చేతులతో పాకుతూ చక్రం దగ్గరికి వెళ్ళాను. ఆయన గోనెసంచి పరిచారు. డ్రైవర్లు వెనక్కి జరిగారు.

పైపు రెండు చేతులతో పట్టుకున్నాను. ఆయన రెండు వేళ్ళు నట్టు పక్కన ఆనించి కళ్ళు మూసుకున్నారు.

"బిగించే వైపు. కొంచెం... చాలు. ఇప్పుడు విప్పే వైపు. ఇంకొంచెం... ఆపండి! వెనక్కి. మళ్ళీ."

అరగంట పైనే అలా జరిగింది. చెమట కళ్ళలోకి కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి తీయలేదు. ఒకసారి చేతికింద పైపు మెత్తబడింది. నిజంగానే మెత్తబడింది, పండు నొక్కినట్టు. ఆయన చెప్పకముందే నా చేతులు ఆగిపోయాయి. మేస్త్రి గారు కళ్ళు తెరిచి నన్ను చూశారు. నూనె రెండు చుక్కలు వేసి, మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

కాసేపటికి ఇనుము మూలిగింది. ఆ మూలుగు చెవుల కంటే ముందు నా భుజాలకి తెలిసింది. "వస్తోంది," అన్నాను. "రానీండి, రానీండి," అన్నారాయన గుసగుసగా. పైపు కదిలింది. ముప్పావు చుట్టు తిరిగింది. అవతల నిలబడ్డ డ్రైవర్లలో ఒకడు ఈలేశాడు.

సాయంత్రానికి కొత్త బుష్‌లు, కొత్త బోల్టులు పడ్డాయి. మేస్త్రి గారు నన్నే నడపమన్నారు. తాను రోడ్డు పక్కన నిలబడి, నా చేత మూడుసార్లు బ్రేకు వేయించారు. మూడుసార్లూ బండి గీత గీసినట్టు సూటిగా ఆగింది. అక్కణ్ణుంచే చెయ్యి ఊపి, లోపలికి వెళ్ళిపోయారు. మర్నాడు బడికి నా కారులో నేనే వెళ్ళాను.

అంత సంతోషంలోనూ దారిలో ఒక అనుమానం పుట్టింది. ఆ డ్రైవర్లలో ఒకడికి రెండు ముక్కలు చెబితే సరిపోయేది కదా. నన్నెందుకు పిలిచారు? కాళ్ళు లేని మనిషిని సంతోషపెట్టాలని పిలిచారేమో. అలాంటివి నాకు చాలా జరిగాయి. ఆటల పోటీల్లో నా కోసం ఒక బహుమతి తీసి ఉంచేవాళ్ళు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ షెడ్డుకి వెళ్ళినా ఆ మాట అడగలేకపోయాను. అవునంటారేమోనని భయం.

టీ బంకు ఆయన మేస్త్రి గారి ఇల్లు వెనక సందులోనే అని చెప్పాడు. కారు సందు మొదట ఆపి, కర్రల మీద వెళ్ళాను. వాళ్ళావిడ అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆమెది కోదాడ అవతల ఊరట. నేనెవరో చెప్పబోతుంటే ఆపేశారు.

"నువ్వు చేతుల కారు టీచరమ్మవు కదా బిడ్డా. ఎన్నడు చూడలే గాని ఎరుకే. దా, కూసో."

మూడు మెట్లెక్కి కూర్చున్నాను. ఆయన ఎలా పోయారో చెప్పారు. ఎక్కువగా ఏడవలేదు. కాసేపటికి తనే అన్నారు.

"భుజం నొప్పని రోజు తైలం రాపిచ్చుకునెటోడు. గుండెదాకా వచ్చిందని ఎవలం అనుకోలే."

"భుజమా?"

"కుడి భుజం పోయి ఐదేండ్లాయె బిడ్డా. చెయ్యి ఎదురురొమ్ము దాటి లేవకపోయేది. ఎవ్వలికి చెప్పనియ్యలే. తెలిస్తే బండ్లు రావని."

నేను చూసిందంతా ఎడమచేతి పనే. ఎడమచేతి వాటం అనుకున్నాను. ఆ పైపు ఒకసారి పట్టుకుని ఆయన ఎందుకు వదిలేశారో అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ దాచుకున్న మాట ఆమె ముందు బయటికొచ్చేసింది.

"ఆ రోజు నా చేత బోల్టు విప్పించారండీ. నన్ను సంతోషపెట్టడానికేమో అనుకున్నాను."

ఆమె నా వంక వింతగా చూసి, నలభై రోజుల తర్వాత మొదటిసారేమో, నవ్వారు.

"ఆయననా? బోల్టు కాడ ఆయన ఎవ్వల్ని సంతోషపెట్టడు బిడ్డా! ముప్పై ఏండ్లు కాపురం చేసినా నన్నే పానా ముట్టనియ్యలే." పైటతో కళ్ళు ఒత్తుకుని మళ్ళీ అన్నారు. "ఆ నాడు అన్నం ముంగట కూసోని తనలో తనే నవ్వుకుంటుండు. ఏందయ్యా అంటే, ఇయ్యాల ఆ టీచరమ్మ లేకుంటే నేను ఓడిపోతుంటినే, అన్నడు."

ఆమె లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చి ఇచ్చారు. తాగాను. కుడివైపు చక్రం చప్పుడు సంగతి ఆమెకి చెప్పలేదు. పొద్దు వాలుతోందని లేచి కర్రలు తీసుకున్నాను. ఆమె నా రెక్క పట్టుకోవడానికి చెయ్యి చాపి, ఏమనుకున్నారో, వెనక్కి తీసుకుని పక్కకి జరిగారు. మూడు మెట్లూ నేనే దిగాను.